ఆ డాట్ బ్యాక్ ఫైలుని మాత్రం ముట్టుకోవద్దు మావయ్యా!

“అల్లుడూ... నా మెయిళ్లన్నీ పోయినయ్ రా.”

మొన్న శివరాత్రికి రెండు రోజుల ముందు, రాత్రి పదకొండింటికి మావయ్య ఫోను. నేను హైదరాబాద్‌లో బ్యాగు సర్దుకుంటున్నా. కోటప్పకొండ తిరునాళ్లకి ఊరెళ్లడం మా ఇంట్లో అందరికీ అలవాటు. ప్రభలు చూడకపోతే ఆ ఏడాదంతా ఏదో వెలితిగా ఉంటుంది. మావయ్యది గురజాల. పిడుగురాళ్లలో సున్నం వ్యాపారం. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అంటే ప్రింటర్ దగ్గర్నుంచి సెట్‌టాప్ బాక్స్ దాకా అన్నీ బాగుచేసేవాడని మన చుట్టాల లెక్క కదా. మామూలుగా అయితే “ఓసారి రీస్టార్ట్ చెయ్యి మావయ్యా” అని పెట్టేసేవాణ్ని. ఈసారి ఆయన గొంతులో తేడా ఉంది.

“ఏం మెయిళ్లు?” అన్నా.

“అన్నీ రా. ఆ మెడ్రాసు వాళ్లు పెట్టింది కూడా అందులోనే ఉంది. అది దొరక్కపోతే 18 లక్షలకి నీళ్లొదులుకోవాల్సిందే.”

సంగతేంటంటే, 2022 జనవరి నుంచి మార్చి దాకా మావయ్య చెన్నై వైపు ఒక కంపెనీకి సున్నం లారీలు పంపాడు. కొంత డబ్బు వచ్చింది, 18 లక్షల చిల్లర ఆగిపోయింది. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే, 2023 ఏప్రిల్‌లో వాళ్ల అకౌంట్స్ మేనేజర్ ఒక మెయిల్ పెట్టాడు. బిల్లు నంబర్లతో సహా ఇంత బాకీ ఉన్న మాట నిజమే, విడతలుగా కడతాం అని. కట్టలేదు. మావయ్యది మాట మీద నడిచే వ్యాపారం, కోర్టు మెట్లెక్కడం అంటే ఆయనకి నామోషీ. అలా అలా నెట్టుకొచ్చి, చివరికి మొన్న జనవరిలో గురజాలలో ఒక వకీలు గారిని కలిశాడు.

ఆయన చెప్పింది విన్నాక మావయ్యకి నిద్ర పోయింది. అమ్మిన సరుకు డబ్బుల కోసం దావా వేయడానికి గడువు మూడేళ్లే. 2022 నాటి బిల్లులకి ఆ గడువు 2025తోనే అయిపోయింది. కానీ ఆ గడువు దాటకముందే బాకీ ఉన్నవాడు రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం చేస్తే, ఒప్పుకున్న రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. 1963 లిమిటేషన్ చట్టంలో 18వ సెక్షన్ అది. మెయిల్‌ని కూడా అలాంటి ఒప్పుకోలుగా కోర్టులో చూపించొచ్చని వకీలు గారి నమ్మకం. అంటే మావయ్యకి 2026 ఏప్రిల్ దాకా టైముంది. ఆ మెయిల్ ఉంటేనే.

మెయిల్ ప్రింటు తీద్దామని ఆఫీసు కంప్యూటర్‌లో అవుట్‌లుక్ తెరిచాడు. తెరుచుకోలేదు. ‘ఈ ఫైల్‌లో తప్పులున్నాయి, ఇన్‌బాక్స్ రిపేర్ టూల్ వాడండి’ అంటూ ఇంగ్లీషులో ఏదో మెసేజ్. సీపీయూని బండి మీద పెట్టుకుని నరసరావుపేటలో ఒక షాపులో ఇచ్చాడు. షాపు కుర్రాడు ‘రిపేర్ కొట్టాడు’. అవుట్‌లుక్ తెరుచుకుంది. కానీ 2022, 2023 మెయిళ్లు చాలావరకు కనపడటం లేదు.

“అన్నా, ఇంక ఫార్మాట్ కొట్టి కొత్తగా వేద్దామా అని అడుగుతున్నాడు ఆ అబ్బాయి. ఏం చెప్పమంటావు?”

“వద్దు! కంప్యూటర్ ఆన్ కూడా చెయ్యొద్దని చెప్పు. పొద్దున్నే వస్తున్నా.”

జీమెయిల్ తరానికి అర్థం కాని బాధ

మనలో చాలామందికి మెయిల్ అంటే ఫోన్‌లో ఉండే ఒక యాప్. ఫోన్ పగిలితే కొత్త ఫోన్‌లో లాగిన్ అవుతాం, అన్నీ మళ్లీ కనపడతాయి. ఎందుకంటే అసలు మెయిళ్లు మన దగ్గర లేవు, సర్వర్‌లో ఉన్నాయి. ఫోన్‌లో ఉండేది వాటి నీడ మాత్రమే.

మావయ్య లాంటి చిన్న వ్యాపారుల దగ్గర కథ వేరు. ఎప్పుడో పదేళ్ల కిందట ఎవరో వచ్చి కంపెనీ పేరు మీద ఒక మెయిల్ ఐడీ కొనిపెట్టి, అవుట్‌లుక్‌లో ‘పాప్’ పద్ధతిలో సెట్ చేసి వెళ్లిపోతారు. పాప్ అంటే పోస్టాఫీసు లాంటిది. మీ ఉత్తరం మీరు తెచ్చుకున్నాక పోస్టాఫీసులో దాని కాపీ ఉండదు. సర్వర్‌లో కూడా ఒక కాపీ ఉంచమని సెట్టింగ్ పెట్టొచ్చు గానీ, అప్పట్లో సర్వర్‌లో స్థలం తక్కువ, నిండిపోతే కొత్త మెయిళ్లు రావు. అందుకని ఆ టిక్కు తీసేసేవాళ్లు. దాంతో పదేళ్ల ఆర్డర్లు, రేట్లు, వేబ్రిడ్జి స్లిప్పుల స్కాన్లు, బాకీ లెక్కలు అన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లో, ఒకే ఒక్క ఫైల్‌లో ఉండిపోతాయి. దాని పేరు చివర డాట్ పీఎస్‌టీ అని ఉంటుంది. మావయ్య ఫైల్ సైజు 11 జీబీ.

పొద్దున్నే నరసరావుపేటలో దిగి షాపుకెళ్లా. ఆ కుర్రాడు మంచివాడే. నిజానికి ఈ కథలో మమ్మల్ని బతికించింది అతనే, తెలియకుండానే. సీపీయూ తీసుకుని పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లి, హార్డ్ డిస్క్ విప్పి, కేబుల్‌తో నా ల్యాప్‌టాప్‌కి తగిలించా. అవుట్‌లుక్ ఫోల్డర్‌లో పీఎస్‌టీ ఫైల్ ఉంది. దాని పక్కనే అదే పేరుతో, దాదాపు అదే సైజులో ఇంకో ఫైల్, చివర డాట్ బీఏకే. ఊపిరి పీల్చుకున్నా.

కోల్డ్ స్టోరేజీ రిజిస్టర్

ఆ డాట్ బ్యాక్ ఫైల్ చూసి నాకెందుకంత సంతోషమో తెలియాలంటే పీఎస్‌టీ లోపల ఏముంటుందో కొంచెం చూడాలి. మావయ్యకి నేను మిర్చి కోల్డ్ స్టోరేజీతో పోల్చి చెప్పా. మన జిల్లాలో అది ఎవరికైనా అర్థమవుతుంది.

కోల్డ్ స్టోరేజీలో వేల టిక్కీలుంటాయి. మీ టిక్కీలు బయటికి తీయాలంటే ఎవరూ లోపలికెళ్లి ఒక్కోటీ తిరగేసి చూడరు. ఆఫీసులో రిజిస్టర్ తెరుస్తారు. పీఎస్‌టీలో ఇలాంటి రిజిస్టర్లు రెండు. మొదటి దాంట్లో ‘ఈ మెయిల్ తాలూకు సరుకు ఫలానా లాట్ నంబర్లలో ఉంది’ అని ఉంటుంది. రెండో దాంట్లో ‘ఆ లాట్ ఫైల్‌లో ఫలానా చోట ఉంది’ అని ఉంటుంది. సాంకేతికంగా ఈ రెండూ బీ-ట్రీలు. 1970ల మొదట్లో బోయింగ్ కంపెనీ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ కనిపెట్టిన అమరిక అది. బీటెక్‌లో డేటా స్ట్రక్చర్స్ సబ్జెక్టులో మార్కుల కోసం బట్టీ పట్టి, పరీక్షయ్యాక మర్చిపోయాం చూడండి, అదే. పెద్దమ్మ వాళ్ల వసారాలో కూర్చుని దాంతో 18 లక్షల పని పడుతుందని అప్పుడు అనుకోలేదు.

ఈ రిజిస్టర్లలో ఒక్కో పేజీ 512 బైట్లు. అంటే ఒక వాట్సాప్ మెసేజ్ అంత. మెయిళ్ల రిజిస్టర్‌లో అట్టడుగు పేజీలో 15 ఎంట్రీల దాకా పడతాయి. దాని పై అంతస్తు పేజీ ఒక్కోటీ ఇలాంటి 20 పేజీలకి దారి చూపిస్తుంది. ఇప్పుడు లెక్క వేయండి. అడుగు పేజీ ఒకటి చెడితే 15 ఎంట్రీలకి దారి పోతుంది. పై పేజీ ఒకటి చెడితే 300. ఇంకో అంతస్తు పైది చెడితే 6000. చెడింది అర కిలోబైటు. 11 జీబీ ఫైల్‌లో అది సముద్రంలో కాకిరెట్ట. అయినా రెండేళ్ల మెయిళ్లు మాయం.

మాయం అంటే నిజంగా పోయాయా? లేదు. టిక్కీలు ఛాంబర్‌లోనే ఉన్నాయి. రిజిస్టర్‌లో పేజీ చిరిగింది, అంతే. రిపేర్ అనే పని మొత్తం ఈ ఒక్క ఆశ మీదే నడుస్తుంది.

అసలు పేజీ ఎందుకు చెడింది? పెద్ద మిస్టరీ ఏమీ లేదు. మావయ్య ఆఫీసులో యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి రెండేళ్లయింది. కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ టప్పున ఆగిపోతుంది. కరెంటు ఉన్నా సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు ఆయన షట్‌డౌన్ చేయడు, గోడకున్న స్విచ్ కట్టేస్తాడు. అవుట్‌లుక్ సరిగ్గా అప్పుడే రిజిస్టర్‌లో రాస్తూ ఉంటే, సగం రాసిన పేజీ అలాగే మిగిలిపోతుంది. హార్డ్ డిస్క్‌లో సెక్టార్లు పాడైనా, పీఎస్‌టీని ఆఫీసు నెట్‌వర్క్‌లో ఇంకో కంప్యూటర్‌లో పెట్టి ఇక్కడి నుంచి తెరిచినా ఇదే గతి. పాత రోజుల్లో అయితే ఇంకో గండం కూడా ఉండేది. అవుట్‌లుక్ 2003 కంటే ముందు వెర్షన్ల పీఎస్‌టీకి 2 జీబీ హద్దు. ఆ గీత దాటితే ఫైల్ మూగబోయేది. అవుట్‌లుక్ 2010 నుంచి మామూలు హద్దు 50 జీబీ కాబట్టి మావయ్యకి ఆ గొడవ లేదు.

రిపేర్ టూల్ చేసే పని

షాపు కుర్రాడు వాడింది స్కాన్‌పీఎస్‌టీ. అవుట్‌లుక్‌తో పాటే వస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఫోల్డర్‌లో ఉంటుంది. అవుట్‌లుక్ మూసేసి, దాన్ని తెరిచి, ఫైల్ చూపించి స్టార్ట్ నొక్కితే ఎనిమిది దశల్లో చదువుకుంటూ పోతుంది. తప్పులుంటే రిపేర్ బటన్ చూపిస్తుంది. చాలా కేసుల్లో దీంతోనే పనైపోతుంది, ఒక్కోసారి రెండు మూడు సార్లు వరసగా నడపాల్సి వస్తుంది.

కానీ దాని ఉద్దేశం ఏంటో తెలుసుకోవాలి. మీ మెయిళ్లన్నీ వెనక్కి తెచ్చివ్వడం దాని మొదటి లక్ష్యం కాదు. ఫైల్‌ని అవుట్‌లుక్ తెరవగలిగే స్థితికి తేవడం దాని లక్ష్యం. ప్రతి ముక్క చివరా ఒక చెక్‌సమ్ ఉంటుంది, అంటే బస్తాకి వేసిన సీలు లాంటిది. సీలు సరిపోకపోతే, దారి దొరక్కపోతే, ఆ ఎంట్రీని లెక్కలోంచి కొట్టేసి ముందుకెళ్తుంది. ఇల్లు లేని మెయిళ్లు కొన్ని దొరికితే ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ అనే ఫోల్డర్‌లో పడేస్తుంది. చిరిగిన పేజీలు తీసి పారేసి మిగిలిన వాటితో కొత్త రిజిస్టర్ కుట్టినట్టన్నమాట. రిజిస్టర్ చక్కగా కనపడుతుంది. మీ పేరు అందులో ఉండదు.

అక్కడితో కూడా అయిపోదు. లెక్కలోంచి కొట్టేసిన చోటు ఇప్పుడు ‘ఖాళీ’ కింద లెక్క. కొత్త మెయిళ్లు వచ్చినకొద్దీ ఆ ఖాళీలోకి ఎక్కుతాయి. షాపులో అవుట్‌లుక్ తెరవగానే అది సెండ్-రిసీవ్ చేసి నాలుగు రోజుల కొత్త మెయిళ్లు దించుకుంది. అవి ఎవరి మీద కూర్చున్నాయో ఎవరికి తెలుసు?

అందుకే డాట్ బ్యాక్. రిపేర్ నొక్కే ముందు స్కాన్‌పీఎస్‌టీలో ఒక చిన్న టిక్కు ఉంటుంది, ‘రిపేర్‌కి ముందు ఫైల్‌కి బ్యాకప్ తియ్యి’ అని. మొదటి నుంచీ టిక్కు పెట్టే ఉంటుంది. డిస్క్‌లో చోటు తక్కువనో, టైము పడుతుందనో చాలామంది తీసేస్తారు. మన కుర్రాడు దాన్ని చూడను కూడా లేదు, అలాగే వదిలేశాడు. ఆ నిర్లక్ష్యానికి నేను అతనికి టీ ఇప్పించా. రిపేర్ కాకముందు ఫైల్ ఎలా ఉందో, చిరిగిన పేజీలతో సహా, అలాగే డాట్ బ్యాక్‌లో భద్రంగా ఉంది.

తిరునాళ్ల రోజు

డాట్ బ్యాక్‌ని, పీఎస్‌టీని రెండింటినీ నా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేశా. డిస్క్ టకటకమని చప్పుడు చేస్తుంటేనో, కాపీ మధ్యలో ఆగిపోతుంటేనో ఇలా చేయకూడదు. ముందు డీడీరెస్క్యూ లాంటి దాంతో డిస్క్ మొత్తానికి నకలు తీయాలి. మా అదృష్టం బాగుండి కాపీ సాఫీగా అయిపోయింది. తర్వాత విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్‌తో రెండు ఫైళ్లకీ షా-256 హ్యాష్ తీసి కాగితం మీద రాసుకున్నా. హ్యాష్ అంటే ఫైల్ వేలిముద్ర. ఒక్క బిట్ మారినా ఆ ముద్ర పూర్తిగా మారిపోతుంది. కోర్టు వ్యవహారం కాబట్టి రేపు ఎవరైనా ‘మీరే దిద్దుకున్నారు’ అంటే చూపించడానికి. అసలు డిస్క్‌ని తీసి పెద్దమ్మ బీరువాలో పెట్టించా. ఇక ఏం చేసినా కాపీకి కాపీ తీసి దాని మీదే.

ఇక్కడ నా తెలివితక్కువ పని కూడా చెప్పాలి. కాపీ మీద నేను మళ్లీ స్కాన్‌పీఎస్‌టీనే నడిపా. నా ల్యాప్‌టాప్‌లో కొత్త వెర్షన్ ఉంది కదా, ఇది ఇంకా బాగా చేస్తుందేమోనని. గంటలు గంటలు తిరిగింది. వచ్చిన ఫలితం షాపులో వచ్చిందే. ఆదివారం శివరాత్రి, ఊళ్లోంచి ప్రభలు కొండకి కదిలిపోతున్నాయి, డీజే మోతకి కిటికీలు అదురుతున్నాయి. నేను ప్రోగ్రెస్ బార్ చూస్తూ కూర్చున్నా. “నువ్వు వచ్చింది తిరునాళ్లకా, దీనికా” అని పెద్దమ్మ రెండుసార్లు అడిగింది.

సాయంత్రం బుర్ర పనిచేసింది. అవుట్‌లుక్ తెరవగలిగే ఫైల్ నాకెందుకు? నాకు కావాల్సింది ఒక్క మెయిల్. రిజిస్టర్‌ని బాగుచేయడం మానేసి, ఛాంబర్‌లోకి వెళ్లి టిక్కీలన్నీ బయటికి లాగేస్తే సరి.

అలా చేసే పనిముట్లు ఉన్నాయి, అవీ ఉచితమే. పీఎస్‌టీ లోపలి అమరిక ఏంటో మైక్రోసాఫ్ట్ 2010లో బహిరంగంగా ప్రచురించింది. అంతకుముందే కొందరు ప్రోగ్రామర్లు ఫైళ్లని బైటు బైటు విప్పి చాలావరకు కనిపెట్టేశారు. అలాంటివాళ్లలో జోయాకిమ్ మెట్జ్ రాసిన లిబ్‌పీఎఫ్‌ఎఫ్ ఒకటి, సైబర్ ఫోరెన్సిక్స్ వాళ్లు వాడతారు. అందులో పీఎఫ్‌ఎఫ్‌ఎక్స్‌పోర్ట్ అనే కమాండ్‌కి ‘ఆల్’ అనే మోడ్ ఇస్తే మామూలు మెయిళ్లని ఒక ఫోల్డర్‌లోనూ, ఏ ఫోల్డర్‌కీ చెందకుండా అనాథలైన వాటిని ఇంకో దాంట్లోనూ, రిజిస్టర్‌లో లేకపోయినా ఫైల్‌లో వెతికి పట్టుకున్న వాటిని మూడో దాంట్లోనూ పోస్తుంది. లైనక్స్‌లో నడిపా. కమాండ్ కొట్టడం రాదంటే రెండో సంవత్సరం బీటెక్ చదివే తమ్ముణ్ని పిలవండి, వాడికీ ప్రాక్టీసవుతుంది.

ఒక అనుమానం రావచ్చు. ఇంత తతంగం ఎందుకు, పీఎస్‌టీని నేరుగా నోట్‌ప్యాడ్‌లో తెరిచి కంపెనీ పేరు వెతికితే పోలా? కుదరదు. మామూలుగా అవుట్‌లుక్ అక్షరాలని ఒకదాని బదులు ఒకటి మార్చి రాస్తుంది, చిన్నప్పుడు క్లాసులో రాసుకున్న రహస్య భాష లాగా. చూసేవాడికి గజిబిజి, పద్ధతి తెలిసిన ప్రోగ్రామ్‌కి రెండు నిమిషాల పని. పీఎస్‌టీకి పాస్‌వర్డ్ పెట్టామని ధైర్యంగా ఉండేవాళ్లకి ఇంకో మాట. ఆ పాస్‌వర్డ్‌తో లోపలి మెయిళ్లేమీ తాళం పడవు. ఇలాంటి పనిముట్లు దాన్ని అడగను కూడా అడగవు.

రాత్రి పదింటికి ఎక్స్‌పోర్ట్ పూర్తయింది. రికవర్ అయిన వాటిలోనే వేల మెయిళ్లు. ఒక్కో మెయిల్‌కి ఒక్కో ఫోల్డర్, అందులో మెసేజ్ వేరే ఫైల్, హెడర్లు వేరే ఫైల్, అటాచ్‌మెంట్లు వేరే. కంపెనీ డొమైన్ పేరుతో వెతికా. పాత ఆర్డర్లు, లారీ నంబర్లు, ఒక దీపావళి శుభాకాంక్షల మెయిల్ దొరికాయి. ఏప్రిల్ 2023 మెయిల్ మాత్రం లేదు.

గురజాలకి ఫోన్ చేశా. “మావయ్యా, ఆ మేనేజర్ మెయిల్ కంపెనీ ఐడీ నుంచే పెట్టాడా?”

అవతల కాసేపు నిశ్శబ్దం. “ఏమో రా... వాడి సొంత జీమెయిల్ నుంచి పెట్టాడేమో.”

బిల్లు నంబరు చెప్పమని, దాంతో వెతికా. వచ్చింది. ఏప్రిల్ 2023, సాయంత్రం పూట పంపిన మెయిల్. నాలుగు పేరాలు, నాలుగు బిల్లు నంబర్లు, మొత్తం, కింద పేరు, హోదా. పంపింది సొంత జీమెయిల్ నుంచే, కానీ సీసీలో కంపెనీ అకౌంట్స్ ఐడీ ఉంది. స్క్రీన్‌కి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే, నీలం టిక్కులు పడిన రెండు నిమిషాలకి అత్తయ్య ఫోన్ చేసింది. “మీ మావయ్య మాట్లాడలేకపోతున్నాడు, ఒక్క నిమిషం ఆగు” అని.

అయితే మెయిల్‌తో పాటు వచ్చిన లెడ్జర్ పీడీఎఫ్ మాత్రం తెరుచుకోలేదు. దీనికీ కారణం ఆ కోల్డ్ స్టోరేజీలోనే ఉంది. పీఎస్‌టీలో ఒక్కో ముక్క గరిష్ఠంగా 8 కేబీ. నాలుగు పేరాల మెయిల్ ఒకటి రెండు ముక్కల్లో సర్దుకుంటుంది. ఒక ఎంబీ పీడీఎఫ్ అయితే వందకి పైగా ముక్కలై ఎక్కడెక్కడో ఉంటుంది, ఏ ముక్క ఏ వరసలో పెట్టాలో ఇంకో జాబితా కావాలి. అందులో ఒకటి పోయినా పీడీఎఫ్ పీడీఎఫ్ కాదు. రిపేర్ చేశాక మెయిళ్లు కనపడి, అటాచ్‌మెంట్లు తెరుచుకోకపోవడం మీరూ చూసే ఉంటారు. టూల్ తప్పు కాదు. చిన్నవి బతుకుతాయి, పెద్దవి దెబ్బతింటాయి.

మీ ఇంట్లోనూ ఉంటే

ఇది చదివి మీ నాన్న ఆఫీసు కంప్యూటర్ గుర్తొస్తే రెండు మూడు మాటలు. ఫైల్ చివర పీఎస్‌టీ కాకుండా ఓఎస్‌టీ అని ఉంటే కంగారు పడక్కర్లేదు. అది సర్వర్‌లో ఉన్నదానికి నకలు మాత్రమే. పాత ఫైల్ పేరు మార్చి అవుట్‌లుక్ తెరిస్తే సర్వర్ నుంచి కొత్తది దించుకుంటుంది. పంపకుండా మిగిలిన మెయిళ్లు ఉంటే మాత్రం అవి పాత ఫైల్‌లోనే ఉండిపోతాయి, కాబట్టి డిలీట్ చేయొద్దు, పేరే మార్చండి. థండర్‌బర్డ్ వాడేవాళ్లకి ఇంకా తేలిక. అందులో మామూలుగా మెయిళ్లు ఒక సాదా టెక్స్ట్ ఫైల్‌లో ఉంటాయి, చెడేది ఎక్కువగా పక్కనున్న డాట్ ఎంఎస్ఎఫ్ అనే సూచిక. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో రిపేర్ ఫోల్డర్ నొక్కితే దాన్ని మళ్లీ కట్టుకుంటుంది.

పీఎస్‌టీ తేడాగా ఉందనిపించినప్పుడు ‘కాంపాక్ట్ నౌ’ నొక్కకండి. ఫైల్ సైజు తగ్గించడానికి మంచిదే గానీ, దారి తప్పిన మెయిళ్లు దాక్కున్న ఖాళీ జాగాలని ఊడ్చేసేది అదే. ‘మీ పీఎస్‌టీ అప్‌లోడ్ చేయండి, ఉచితంగా రిపేర్ చేస్తాం’ అనే సైట్లకి ఫైల్ ఇవ్వడమంటే పదేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాన్ కార్డు కాపీలు ఎవరి చేతిలోనో పెట్టడమే. డబ్బులు తీసుకునే సాఫ్ట్‌వేర్లలో పనిచేసేవీ ఉన్నాయి. వాటి డెమోలో మీ మెయిల్ ప్రివ్యూ కనపడితేనే కొనండి, కనపడకపోతే కొన్నాక కూడా కనపడదు. క్రాక్ వెర్షన్ల సంగతి చెప్పక్కర్లేదనుకుంటా.

మాది జీమెయిల్ కదా, మాకేంటి అనేవాళ్లకి ఒక పాత కబురు. 2011 ఫిబ్రవరి చివర్లో ఒక రోజు, జీమెయిల్ వాడేవాళ్లలో 0.02 శాతం మందికి ఇన్‌బాక్స్ ఖాళీగా కనపడింది. స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌లో బగ్. గూగుల్ దగ్గర వేర్వేరు డేటా సెంటర్లలో కాపీలున్నాయి, కానీ బగ్ ఆ కాపీలకీ సోకింది. చివరికి ఎలా తెచ్చారో తెలుసా? మాగ్నెటిక్ టేపుల నుంచి. ఆన్‌లైన్‌లో లేదు కాబట్టే బగ్ టేపు దాకా రాలేకపోయింది. మన స్థాయిలో టేపు అంటే, గూగుల్ టేకౌట్‌తో ఆరు నెలలకోసారి మెయిళ్లు దించి ఒక డిస్క్‌లో పడేసి, డిస్క్‌ని కంప్యూటర్ నుంచి పీకేసి దాచుకోవడం.

మావయ్య కొత్త సెటప్ సోమవారం పొద్దున నేనే చేసిపెట్టా. ఐమ్యాప్‌కి మార్చా, యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించా, షట్‌డౌన్ బటన్ ఎక్కడుందో చూపించా. గోడ స్విచ్ మీద ‘ఆపొద్దు’ అని స్కెచ్ పెన్నుతో రాసి అతికించా. నేను గేటు దాటకముందే ఎవరో ఫ్యాన్ కోసమని దాన్నే కట్టేశారు.

వకీలు గారు మెయిల్ ప్రింటు చూసి, హెడర్లున్న ఫైల్ కూడా అడిగారు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాసే గడి ఉంది. నా కాగితం మీద రాసుకున్న 64 అక్షరాలు అక్కడ పనికొచ్చాయి. అందులో ఒక భాగం మావయ్య సంతకం చేయాలి, ఇంకో భాగం నిపుణుడు. ఆ నిపుణుడు మేనల్లుడు కాకూడదట, బయటివాణ్ని చూడమన్నారు. ఇలాంటి వ్యాపార తగాదాల్లో దావా కంటే ముందు మీడియేషన్‌కి వెళ్లాలి కాబట్టి ముందు ఆ దరఖాస్తు పెట్టారు. అవతలి కంపెనీకి నోటీసు వెళ్లింది. ఇంకా ఎవరూ రాలేదు.

పాత హార్డ్ డిస్క్ ఇంకా పెద్దమ్మ బీరువాలోనే ఉంది, పట్టుచీరల మధ్య ఒక తువ్వాలులో చుట్టి. పోయిన వారం ఫోన్ చేసి, “అది ఎప్పుడు తీసుకెళ్తావురా, దాని పక్కన నాఫ్తలీన్ ఉండలు పెట్టొచ్చా?” అని అడిగింది.